నొప్పి లేని గడ్డ

పూర్వము జనులు రాచపుండు అని పిలిచిన వ్యాధియే కాన్సరు. రొమ్ములో ఇది తరచుగా చిన్న గడ్డగా కనబడును. తొలిదశలో ఆ గడ్డ సాధారణముగా నొప్పి పెట్టదు. కావుననే పలువురు దానిని ఉపేక్షింతురు. నొప్పి లేకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. కొత్తగా గడ్డ చేతికి తగిలినను, చర్మము సొట్టపడినను, చనుమొన లోనికి పోయినను, దానినుండి రక్తము కారినను వెంటనే వైద్యునికి చూపవలెను. గడ్డలన్నియు కాన్సరు కావు. పరీక్షలోనే అది తేలును.

ముంబయిలో టాటా స్మారక వైద్యశాల వారు 1998లో ఒక పరిశోధన ఆరంభించిరి. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్ల కొకమారు స్త్రీల రొమ్ములను చేతితో పరీక్షించిరి. 2021లో వెలువడిన ఫలితముల ప్రకారము, ఈ పరీక్ష జరుగని వారితో పోల్చగా, 50 ఏండ్లు, ఆ పైబడిన స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణములు సుమారు 30 శాతము తగ్గినవి. గడ్డ చిన్నదై యుండగనే బయటపడుటయే ఇందలి మేలు.