గాజుతొట్టిలో చిఱురొయ్యలు

రొయ్య యనగానే మనలో కొందఱికి వంటయిల్లు జ్ఞప్తికి వచ్చును. మఱికొందఱు ముక్కు మూసికొందురు. మేమిచ్చట చెప్పబోవునది కూరకు బనికివచ్చు రొయ్యను గూర్చి కాదు. అంగుళమునకు అటునిటుగా నుండు, దానిమ్మగింజవలె ఎఱ్ఱనైన యొక చిఱుప్రాణిని గూర్చి. దీనిని అంగళ్లలో చెర్రీ రొయ్య యందురు. శాస్త్రజ్ఞు లిడిన నామము నియోకారిడినా డేవిడి. చైనాదేశమును తైవాను దీవియు దీని పుట్టినిండ్లు. అచ్చటి మంచినీటి యేఱులలో నిది గోధుమవన్నెతో, రాళ్లలోను ఆకులలోను కలిసిపోయి యుండును. ఎఱ్ఱనివానినే తరతరములుగా నేఱి పెంచుటచే నీ రంగు నిలిచినది. ఇంటిలో నొక మూల చిన్న తొట్టి యమర్చి వీనిని పెంచుట కష్టము గాదు. కాని దానికొక పద్ధతి కలదు. ఆ పద్ధతి తెలియక మేము పొందిన నష్టము మా పాఠకురాండ్రకు కలుగగూడదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మొదటి తప్పు

కొన్నియేండ్ల క్రిందట మా చిన్నమ్మాయి పుట్టినదినమునకు ఒక గాజుతొట్టియు, ఇసుకయు, గుప్పెడు నాచును, పది రొయ్యలును కొనితెచ్చితిమి. "ఈ పూటే విడిచిపెట్టండి, ఏమీ కాదు" అని అంగడివాడు చెప్పెను. ఉదయము తొట్టి నింపి సాయంకాలమునకు రొయ్యలను విడిచితిమి. మఱునాటికి నీరు కొంచెము మసకబాఱెను. మసక కనబడిన యెడల ఇల్లాలి చేయి ఊరకుండునా? నీరంతయు పాఱబోసి, ఇసుక కడిగి, నాచు దులిపి, గాజు తళతళలాడునట్లు తోమితిమి. మూడవనాడును అట్లే చేసితిమి. ఆఱవనాటి కొక్క రొయ్యయు మిగులలేదు. పిల్ల తొట్టియొద్ద కూర్చుండి, "అమ్మా, ఇంత శుభ్రంగా ఉంచాము గదా, ఎందుకు చచ్చిపోయినవి?" అని యడిగెను. ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పజాలకపోతిమి. చదివి, తెలిసినవారి నడిగి, రెండవమాఱు ప్రయత్నించిన పిదపగాని మాకు బదులు దొరకలేదు.

కంటికి కనబడని పరిచారికలు

1849లో లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచి పరిశీలింపసాగెను. కొంతకాలమునకు మొక్క యాకులు కుళ్లి నీరు చెడగా, కుళ్లిన యాకును తినునట్టి నత్తలను చేర్చెను. అంతట నీరు నిలకడ చెందెను. 1850లో ఆతడీ సంగతిని అచ్చటి రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను. జంతువు, మొక్క, కుళ్లును తిని శుభ్రపఱచు ప్రాణి – ఈ మూడును కలిసినగాని తొట్టి నిలువదని యాతని యనుభవము.

ఆతనికి కనబడని నాలుగవ జట్టొకటి కలదు. రొయ్యల విసర్జనము నుండియు, మిగిలిన మేత నుండియు నీటిలో అమ్మోనియా పుట్టును. అది రొయ్యలకు విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేఱొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఇది కొలదిగా నున్నంతవఱకు హాని చేయదు, మొక్కలకు ఎరువై పోవును. ఈ సూక్ష్మజీవులు ఇసుకరేణువులపైన, ఆకులపైన, వడపోత స్పంజిపైన పలుచని జిగురుపొరగా నంటుకొని యుండును. మేము తోమి పాఱబోసినది మురికి యనుకొంటిమి. నిజమునకు ఆ యింటి పరిచారికలు అప్పుడప్పుడే వచ్చి చేరుచుండగా వారిని వెడలగొట్టితిమి.

ఈ సంగతి మా యత్తగారికి చెప్పగా ఆమె నవ్వి, "తోడు వేయక పాలు పెరుగగునా, అమ్మాయీ?" యనిరి. ఇంతకంటె చక్కగా మేము చెప్పజాలము. క్రొత్త తొట్టి కాచిన పాలవంటిది. తోడు వేసి, కదపక, తగినంత సేపు ఉంచవలెను.

తొట్టి యమర్చుట

తొట్టి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గలదైనచో ఇరువదియెనిమిది లీటర్ల నీరు పట్టును. మొదటిసారి పెంచువారికి ఇంతకంటె చిన్నది కూడదు. నీరు తక్కువైన కొలది వేడియు విషమును త్వరగా నెక్కును. నీటి బరువే ఇరువదియెనిమిది కిలోలగుటచే గట్టి బల్లపై నుంచవలెను. ఎండ నేరుగా పడు కిటికీయొద్దను, వంటయింటి పొగ తగులు చోటను ఉంచరాదు.

సన్నని ఏటిగులకను నీరు తేటపడువఱకు కడిగి రెండంగుళముల మందమున పఱువవలెను. సబ్బు తగులనీయరాదు. మొక్కలలో జావా నాచు మొదట చెప్పదగినది. దానికి మన్నక్కఱలేదు, ఒక రాతికి దారముతో కట్టిన చాలును. దాని పోగులలో రొయ్యపిల్లలు దాగును, మేతయు దొరకును. వెనుకవైపున పొడవాటి యాకుల వాలిస్నేరియాను నాటవచ్చును. వరిపొలముల కాలువలనుండి నాచు తేవలదు. దానివెంట పురుగుమందులు వచ్చును. రొయ్యలను పట్టితిను తూనీగపిల్లలును వచ్చును. అంగడి మొక్కలనైనను వేఱొక పాత్రలో నీరు మార్చుచు వారము పదిదినములు నానబెట్టి పిదప నాటుట మంచిది.

వడపోతకు స్పంజి వడపోతయే రొయ్యలకు తగినది. దానిలో పిల్లలు చిక్కుకొనవు. దానికి గాలి నూదు చిన్నయంత్రమును ఏర్ పంపు అందురు. ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపమును దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు వెలిగించిన చాలును; మించినచో గాజుపై పాచి పెరుగును.

కుళాయినీటిలో క్లోరిను కలిపియుందురు. ఒకదినము వెడల్పుపాత్రలో తెఱచియుంచిన క్లోరిను పోవును. క్లోరమైను కలిపిన నీటికి మాత్రము అది చాలదు, చేపల యంగళ్లలో దొరకు విఱుగుడు మందు వేయవలెను. త్రాగుటకై యంత్రముచే శుద్ధిచేసిన నీటిలో రొయ్యపెంకునకు వలయు సున్నపులవణములు ఉండవు. అట్టి నీటినే పోయుట తగదు.

వేచియుండుట

అన్నియు అమర్చిన పిమ్మట రొయ్యలను తేవలదు. రెండుదినముల కొకసారి చిటికెడు చేపమేత వేసి, వడపోతను రేయింబవళ్లు నడుపుచు, నాలుగు మొదలు ఆఱు వారములు వేచియుండవలెను. ఆ మేత కుళ్లి అమ్మోనియా పుట్టును. దానిని తిని పరిచారికలు పెరుగును. ఎవరి యింటనైన ఆరోగ్యముగ నడచుచున్న తొట్టి యున్నచో వారి స్పంజిని మన తొట్టిలో పిండుకొని రావచ్చును. అదియే తోడు. అమ్మోనియాను, నైట్రైటును పరీక్షించు ద్రవములు అంగళ్లలో దొరకును. మేత వేసిన మఱునాడును రెండును సున్న చూపినప్పుడే తొట్టి సిద్ధమైనదని యెఱుగవలెను. నీరు తేటగా నున్నంత మాత్రమున మోసపోవలదు. విషమునకు రంగు లేదు.

మన మండుటెండల దృష్ట్యా వినాయకచవితికి తొట్టి యమర్చి దీపావళి వెళ్లిన పిమ్మట రొయ్యలను తెచ్చుట మేలు. వేసవి వచ్చులోపల అవి స్థిరపడును.

రొయ్యల రాక

పది పదునైదు రొయ్యలతో మొదలుపెట్టవలెను. తెచ్చిన నీటితోనే ఒక గిన్నెలో నుంచి, తొట్టినుండి సన్నని గొట్టము దించి, దానికి ముడివేసి చుక్కచుక్కగా నీరు పడనీయవలెను. గంట రెండుగంటలలో గిన్నెలోని నీరు మూడింతలైన పిమ్మట రొయ్యలను మాత్రము వలతో తీసి విడువవలెను. మొదటి తొట్టిలో చేపలను చేర్చవలదు. చిన్నచేపయైనను రొయ్యపిల్లను వదలదు.

మేతవిషయమున మన యాతిథ్యమును కొంచెము అదుపులో నుంచవలెను. ఆకులపైని పాచియు జిగురుపొరయు వాని నిత్యాహారము. జపానుదేశస్థుడగు తకాషి అమానో మొక్కల తొట్టెలలో పాచిని తినిపించుటకే వేఱొక జాతి రొయ్యలను వాడి లోకమునకు చూపెను. వారమునకు రెండు మూడుసారులు బాగుగ కడిగి ఉడికించిన పాలకూర యాకు తునకయో, కీరదోసకాయ బిళ్లయో వేసి, మిగిలినదానిని కొన్నిగంటలలో తీసివేయవలెను. దొడ్డిలోని నాటుబాదముచెట్టు క్రింద రాలి యెండిన యాకు నొకదానిని కడిగి వేసినచో, దానిపై పెరుగు పొరను అవి దినములతరబడి గీకి తినును. నీరు తేనీటివన్నెకు తిరిగిన భయపడవలదు.

వారమున కొకసారి పదింట నొకవంతు నీరు తీసి, అంతే వేడిమిగల క్రొత్తనీటిని మెల్లగ పోయవలెను. స్పంజిని కుళాయిక్రింద గాక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

రాగియు, పురుగుమందులును

రెండవసారి తెచ్చిన రొయ్యలు నాలుగునెలలు సుఖముగ నుండెను. ఒకనాడు మేము ఊరిలో లేనప్పుడు, తొట్టిలో నీరు తగ్గెనని మా యత్తగారు ప్రేమతో రాత్రియంతయు రాగిబిందెలో నిలువయున్న నీటిని పోసిరి. మన పెద్దలకు అంతకంటె పవిత్రమైన నీరు వేఱొకటి లేదు గదా! మేము వచ్చుసరికి సగము రొయ్యలు పడిపోయి యుండెను. తప్పు ఆమెది కాదు. ముందుగా చెప్పని మాది. మనుష్యులకు హాని చేయనంత స్వల్పమైన రాగియు రొయ్యలకు ప్రాణాంతకము. రాగి, ఇత్తడి పాత్రల నీరు తొట్టికి తగులరాదు.

దోమలకు, బొద్దింకలకు కొట్టు మందులును అట్టివే. రొయ్య పురుగులకు దగ్గఱిచుట్టమగుటచే వానిని చంపునది దీనినిగూడ చంపును. ఆ మందులు చల్లినచేతితో తొట్టిని ముట్టరాదు. ఆ గదిలో చల్లనేరాదు.

కుబుసమును, సంతానమును

ఒకనాటి యుదయమున తొట్టి యడుగున తెల్లని రొయ్య యాకారము కదలక పడియుండుట చూచి మీరు కలవరపడవచ్చును. అది శవము కాదు, కుబుసము. రొయ్య పెరుగుటకై పాతపెంకును పామువలె విడుచును. దానిని తీసివేయవలదు. అందలి సున్నమును అవియే తిని మరల వాడుకొనును. క్రొత్తపెంకు గట్టిపడువఱకు రొయ్య నాచులో దాగియుండును, దానిని కదల్పరాదు.

ఆడురొయ్య పెద్దదిగాను, ఎక్కువ యెఱ్ఱగాను ఉండును. పొట్టక్రింద ఇరువది ముప్పది గ్రుడ్లను మోయుచు, చిన్నకాళ్లతో వానికి నిరంతరము వీచుచు, సుమారొక నెల కాపాడును. మన కోస్తాలో చెఱువులయందు పెంచు నీలకంఠరొయ్య మంచినీటిదే యైనను, దాని పిల్లలు మొదట ఉప్పుకలిసిన నీటిలోగాని బ్రదుకవు. చెర్రీ రొయ్యకు ఆ చిక్కు లేదు. గ్రుడ్డునుండి వచ్చునది తల్లి యాకారముననే, కనుపాపలో నలుసంత యుండును. ఒక్కొక్క రొయ్య యాయుర్దాయము ఏడాది రెండేండ్లే. కాని సరిగ నడచిన తొట్టిలో వంశము తెగదు.

వేసవిలో నీరు ముప్పది డిగ్రీలు దాటి నిలిచినచో ప్రాణవాయువు తగ్గి రొయ్యలు తపించును. తొట్టిపై మూత తీసి, నీటిపైకి చిన్నపంకా త్రిప్పిన రెండు మూడు డిగ్రీలు తగ్గును. ఆవిరియైనంత నీటిని ప్రతిదినము నింపవలెను. మంచుగడ్డలు వేయుట వంటి తొందరపాటు పనులు కూడవు. హఠాత్తుగ మాఱిన వేడిమియు చంపును.

సంతతి మిక్కుటమైనప్పుడు ఇరుగుపొరుగువారికి తోడుతో సహా ఇండు. చెఱువులలో, కాలువలలో మాత్రము విడువవలదు. ఇట్లు విడిచినవి హవాయి దీవులలోను, జర్మనీ, పోలండు దేశములలోను నీళ్లలో స్థిరపడి యున్నవి. పరాయిజాతి ప్రాణి మన నీళ్లలో చేరినచో ఇచ్చటి చిఱుప్రాణుల కూటికి అడ్డువచ్చును.

ఇప్పుడు మాయింటి తొట్టిలో లెక్కకందనన్ని రొయ్యలు కలవు. గాజు వెనుకవైపున పచ్చని పాచి పట్టియున్నది. దానిని మేము తోమము. ఎవరైన బంధువులు వచ్చి, "ఇంత పాచి పట్టినదే, కడుగరా?" యని యడిగినప్పుడు మా చిన్నమ్మాయియే ముందుకు వచ్చి, "అది మురికి కాదండీ, వాటి అన్నం" అని చెప్పును. ఆనాటి తన ప్రశ్నకు తానే బదులు చెప్పుచున్నదని దానికి తెలియదు.