నాగజెముడు, చిరివేరు

మెక్సికో దేశపు జెండా నడుమ పామును కరచుకొన్న గద్ద వొకటి వుంటుంది. ఆ గద్ద వాలిన మొక్కను కాస్త పరికించి చూడండి. కొత్తదేమీ కాదు. మన చేలగట్ల మీద ముళ్ళు విప్పుకొని నిలిచే నాగజెముడుకు దగ్గరి చుట్టం. గద్ద అలా వాలి కనిపించిన చోటనే 1325లో తమ రాజధానిని కట్టుకొన్నామని అజ్టెక్కులు చెప్పుకొనేవారు. ఆ మొక్క వారికి పండు పెట్టింది, కూర పెట్టింది. దానిమీద బతికే వొక చిన్న పురుగు వారికి ఎరుపు రంగు పెట్టింది.

ఆ పురుగు పేరు కోచినీల్. ఆడ పురుగులను యేరి, ఎండబెట్టి, నూరితే నెత్తుటి వంటి రంగు వస్తుంది. వొక పౌను సరుకుకు సుమారు 70,000 పురుగులు కావాలి. అజ్టెక్కుల భాషలో దాని పేరు 'నోచెజ్‌త్లి', అంటే నాగజెముడు నెత్తురు. కప్పం కట్టే వూళ్ళు కొన్ని యీ పురుగుల సంచులను కూడ రాజధానికి పంపవలసి వుండేది. 1521లో ఆ రాజ్యాన్ని కూల్చిన స్పెయిన్‌వారు, వెండి తరవాత మెక్సికోనుంచి యెక్కువగా సొమ్ము చేసుకొన్నది దీనినే. అది గింజో పురుగో కూడ తక్కిన ఐరోపావారికి చాలాకాలం తెలియలేదు.

మన పిల్లల పుస్తకాలలో అజ్టెక్కులంటే నరబలులు, ఇంకాలంటే బంగారం. కొంచెం దయగల రచయితలైతే పిరమిడ్లూ మాచూ పీచూ చూపించి, ఇనుము లేకుండా, బండిచక్రం లేకుండా యెలా కట్టారా అని ముక్కున వేలేసుకుంటారు. రాళ్ళు గొప్పవే. కాని నా దృష్టిలో ఆ జాతుల తెలివి రాళ్ళలో కంటె గుడ్డలో యెక్కువ వున్నది. ఇంకాలు బంగారాన్ని దేవుడికీ రాజుకూ అలంకారంగా వుంచుకొన్నారే గాని, దానితో బజారులో యేమీ కొనలేదు. వారి అసలు సొత్తు బట్ట. కొండదారుల పొడుగునా గాదెలు కట్టి తిండిగింజలతోపాటు బట్టలు నిలవచేశారు. సైనికులకిచ్చే బహుమానం బట్ట, లొంగిన దొరలకు చేసే మర్యాద బట్ట. మనకు తెలిసిన లిపి వంటిది లేని ఆ ప్రభుత్వం లెక్కలు కూడ దారాల మీదనే వేసింది. 'కీపు' అనే దారాల కుచ్చులో ముడి వేసిన తీరునుబట్టి, ముడి వున్న చోటునుబట్టి వొకట్లు, పదులు, వందలు చదివేవారు. స్పెయిన్‌వారు మాత్రం బంగారాన్ని పట్టుకుపోయి కరిగించారు. చిలకలపూడి నగల పక్కన కాపురముండే మనకు, బంగారం కన్న పనితనం గొప్పదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇంకాలకు చాలా ముందు, యిప్పటికి 2,000 యేళ్ళకు పైబడి, పెరూ తీరాన పరాకాస్ అనే చోట శవాలకు చుట్టిన శాలువలు ఇసుకలో చెడకుండా దొరికాయి. రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, ఆ పాత ఎరుపు పురుగుది కాదు, వొక మొక్క వేరుది అని తేలింది. పురుగు ఎరుపు ప్రాబల్యం తరవాత వచ్చింది. ఆ మొక్క కాఫీ, మంజిష్ఠల కుటుంబానిది. రంగు నిలవడానికి వారు వాడినది పటిక జాతి వుప్పు.

ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం యింతా అంతా కాదు. మన బందరువారు పట్టుకొన్న కిటుకూ అదే! అదే కుటుంబపు మొక్క, దాని వేరు, పటిక. నడుమ మహాసముద్రాలు. వొకరి పేరు వొకరు వినలేదు.

మన వేరు పేరు చిరివేరు. తమిళంలో సాయవేరు అంటారు. ఇంగ్లీషువారి 'చే రూట్' అక్కడిదే. చిన్న మొక్క, తెల్లటి బుల్లి పూలు. విలువంతా నేల లోపల. సన్నని పొడుగాటి వేరు, దాని పైతోలులో రంగు. కృష్ణ సముద్రంలో కలిసే తీరాన గవ్వలూ ఆల్చిప్పలూ నలిగి ఇసుకలో సున్నం యెక్కువ. అటువంటి నేలలో పెరిగిన వేరుకే ఎరుపు బాగా పండుతుంది. బందరు, నిజాంపట్నం రేవుల ఎరుపుకు దేశాంతరాలలో వచ్చిన పేరు వెనక యీ ఆల్చిప్పలున్నాయి.

వేరు దొరికితే చాలదు. ఉన్నికీ పట్టుకూ యిట్టే యెక్కే రంగు నూలుకు యెక్కదు, వొక వుతుకుకు పోతుంది. పెరూవారికి పత్తితోపాటు అల్పాకా ఉన్ని కూడ వుంది. మనవారికి వున్నది పత్తే. ఆ చిక్కు విప్పిన తీరు చూడండి. బట్టను పేడనీళ్ళలో నానవేసి, కాలవలో జాడించి, ఎండలో తెలుపు తేలుస్తారు. కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచుతారు. కరక్కాయ వగరు రంగును పట్టి వుంచుతుంది, పాలజిడ్డు గీతను చెదరనివ్వదు. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. దానితో గీత గీస్తే, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు అద్దుతారు. పటికకు రంగు లేదు గనుక గుర్తుకోసం చిటికెడు రంగేదో కలుపుతారు. తరవాత బట్టనంతా వేరువేసి మరిగిస్తే పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుస్తుంది. మిగతాది వుతుకులో పోతుంది. నీలిమందు తొట్టిలో ముంచే ముందు, నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసేవారు. రసాయనశాస్త్రమనే పేరు యిందులో యెవరూ యెత్తలేదు. చేసినది మాత్రం ఆ శాస్త్రమే.

"ఇదంతా యెవరు కనిపెట్టారు మాస్టారూ?" అని మా తరగతిలో వొక అబ్బాయి అడిగాడు. మనకు మిగిలిన పేర్లు వేరు. దివిసీమలోని ఘంటసాల శాసనంలో శివకుడనే మహానావికుడి పేరు వున్నది. ఆ రేవును టాలెమీ పేర్కొన్నాడు. అంతకు ముందే వొక గ్రీకు వర్తకుడు 'మసాలియా' దేశంలో సన్నబట్టలు విరివిగా నేస్తారని రాసిపెట్టాడు. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు తెరిచింది, డచ్చివారు అంతకు ముందే తెరిచారు. తూర్పుదీవుల మిరియాలకూ లవంగాలకూ మారుగా యివ్వడానికి వారికి యీ గుడ్డ కావాలి. నావికుడి పేరు రాతి మీదా, దొరల పేర్లు కాగితం మీదా నిలిచాయి. కసిమి కుండను మొదట పులియబెట్టిన మనిషి పేరు యెక్కడా లేదు. నాగజెముడు తోటలో పురుగు పెంచిన మెక్సికో రైతుదీ అదే గతి.

రహస్యాలు దాటిపోవడంలోనూ యిద్దరిదీ వొకే కథ. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, తన మతంలో చేరిన పనివారినుంచి మన తీరపు అద్దకం మర్మాలు రాబట్టి స్వదేశానికి వుత్తరం రాశాడు. 1777లో తియెరి ద మెనోన్‌విల్ అనే మరో ఫ్రెంచివాడు మెక్సికోలోని ఒహాకాకు వెళ్ళి, పురుగులున్న నాగజెముడు మట్టలను దొంగతనంగా ఓడ యెక్కించాడు. ఇంగ్లీషు కంపెనీ కూడ వూరుకోలేదు. 1795లో బ్రెజిల్‌నుంచి కలకత్తాకు పురుగులు వచ్చాయి, మద్రాసులోనూ పెంచారు. వచ్చినది నాసిరకం. మంచి రంగు రాలేదు సరికదా, పురుగు ఆ జాతి జెముడునే తిని పారేసింది.

చివరకు యిద్దరినీ కొట్టినది ఐరోపా ప్రయోగశాల. 1868లో గ్రేబే, లీబెర్మన్ అనే జర్మన్లు చిరివేరులోనూ మంజిష్ఠలోనూ వుండే ఎరుపు పదార్థం ఎలిజరిన్‌ను కృత్రిమంగా చేసి చూపారు. కొద్ది యేళ్ళలో అది చవకగా బజారులోకి వచ్చింది. అప్పటికే 1864 నవంబరు 1నాటి తుఫానులో సుమారు 30,000 మందిని పోగొట్టుకొని బందరు నడుము విరిగి వున్నది.

గుడివాడలో రైలెక్కి బందరు పోతుంటే పెడన తగులుతుంది. చెక్క అచ్చుల అద్దకం అక్కడ నేటికీ వున్నది, భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కరక్కాయ, పటిక, కసిమి అన్నీ వున్నాయి. ఎరుపుకు మాత్రం చాలాచోట్ల ఫ్యాక్టరీ ఎలిజరినే. నేను దానిని తప్పుపట్టను. వేరు తవ్విన కూలి బట్ట ధరలో కలిపితే కొనేదెవరు? స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ అని అంటగట్టడం మాత్రం శుద్ధ దగా.

పెరూలో సంగతి వేరు. పురుగు రంగు తిండి వస్తువులకూ పెదవుల రంగుకూ పనికిరావడంతో దానికి గిరాకీ వున్నది. ఈనాడు ప్రపంచంలో కోచినీల్ అందరికంటె యెక్కువ పండిస్తున్నది ఆ దేశమే. కొండపల్లెల ఆడవాళ్ళు ఆ రంగుతోనే ఉన్ని నేసి అమ్ముకుంటున్నారు. చిరివేరుకు అలాంటి బేరగాడు రాలేదు. మొక్క మాత్రం పోలేదు, తీరపు ఇసుకలో పూస్తూనే వున్నది.

నా విద్యార్థులలో పెడనవారు యిద్దరున్నారు. వేసవి సెలవులలో తమ పేటలోని పెద్దవాళ్ళను అడిగి రమ్మని వారికి కాగితం మీద ప్రశ్నలు రాసి యిచ్చాను. మొదటిది: చిరివేరు యే నెలలో తవ్వేవారు? రెండవది: యే వూరి ఇసుకలో?