సంఘమునకు ల్యాప్‌టాపు: పదునాలుగు నెలల అనుభవము

మా సంఘములో ల్యాప్‌టాపు వచ్చి పదునాలుగు నెలలైనది. బళ్లారినుండి, షోలాపురమునుండి, యానాంనుండి మన సోదర సంఘముల కార్యదర్శులు దాని మంచిచెడ్డలు వ్రాయుమని అడుగుచున్నారు. దుకాణమువాడు చెప్పునది అమ్మకము కొరకు చెప్పును. చదువుకొన్న కుర్రవారు చెప్పునది వారి ఆటపాటలకు సరిపోవును. మగ్గము ఆడు చోట, సంఘము లెక్కలు వ్రాయు బల్లమీద అది ఎట్లు పనిచేయునో ఇక్కడ బరంపురములో మేము చూచినంత మట్టుకు వ్రాయుచున్నాము. మేము మెట్రిక్ చదివినవారమే గాని ఇంజనీర్లము కాము.

కొనక పూర్వము సర్వసభ్య సమావేశములో పెద్ద వాదమే జరిగినది. యంత్రము ధర 52,000 రూపాయలు. మా వద్ద అది పదిహేను పదహారు పట్టుచీరల మజూరి. సభ్యులలో పెద్దలొకరు లేచి, "ఏటి బాబూ, ఆ సొమ్ముకి ఎన్ని పడుగులకి పట్టొస్తాదో లెక్కేసినావా? పెట్టి కొనీసి మగ్గం ఆపీమంటావా?" అని అడిగినారు. మాకు వెంటనే సమాధానము తోచలేదు. "తాతా, పడుగు మీరు పోస్తారు, నిజమే. లెక్క వేళకి అందకపోతే జరిమానా మాత్రం అందరమూ కట్టాలి కదా" అని మాత్రము అన్నాము.

ఆ మాట ఊరక అన్నది కాదు. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చిన తరువాత లెక్క కాగితముమీద ఉన్నంత మాత్రమున చాలదు. రిటర్ను ఇంటర్నెట్టు ద్వారానే వేయవలెను. రాష్ట్రము దాటు సరుకు విలువ 50,000 రూపాయలు మించినచో ఈ-వే బిల్లు లేనిదే లారీ కదలదు. అంతకు ముందు మేము ఈ పనులన్నియు బజారులోని ఒక నెట్ సెంటరుకు అప్పగించినాము. పాస్‌వర్డు ఆయన చేతిలోనే, ఓ.టి.పి. వచ్చు ఫోను నెంబరుకూడ ఆయనదే. ఆయన పెండ్లికని ఊరికి వెళ్లి మూడు వారములు రాలేదు. గడువు దాటినది. జరిమానా సంఘము కట్టినది. సంఘము బీరువా తాళము పరాయివానికి ఇచ్చుకొని కూర్చున్నామని అప్పుడు గాని మాకు తెలియలేదు. యంత్రము కొనుటకు అసలు కారణము ఇదే.

కొన్నది మధ్యరకము. 14 అంగుళముల తెర, ఐ5 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి., బరువు కిలోన్నర. కంపెనీ పేరు వ్రాయబోము. మేము చెప్పునది ఆ తరగతి యంత్రములకు చాలవరకు వర్తించును.

ముందు మంచి. మీట నొక్కిన పావు నిమిషములో సిద్ధమగును. మూడేండ్ల మజూరి పట్టీలు, పట్టు నిల్వ, జరీ నిల్వ ఎక్కించినను తడబడలేదు. లిబ్రె ఆఫీసు అను ఉచితపు ప్రోగ్రాములో పట్టీలన్నియు తెలుగులోనే వేసినాము. వారపు మజూరి కూడిక పదినిమిషముల పని అయినది. పూర్వము శనివారము సాయంత్రమంతయు దానికే పోయెడిది.

పొరుగు రాష్ట్రములలో ఉన్న మనవారికి ముఖ్యముగా చెప్పవలసినది లిపి సంగతి. మా ఇంటి లెక్క తెలుగు, చేనేత ఆఫీసుకు ఉత్తరము ఒడియా, పన్నుల వ్యవహారము ఇంగ్లీషు. మూడును ఈ యంత్రములోనే ఉన్నవి, వేరే కొనవలసినది లేదు. ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికలో తెలుగు 'క' ఏ మీటమీద ఉన్నదో ఒడియా 'క' కూడ ఆ మీటమీదనే ఉండును. కన్నడమునకు, తమిళమునకు కూడ అంతే. ఒక లిపి వ్రేళ్లకు అలవాటైన వారికి రెండవది నేర్చుటకు వారము పట్టదు. అయితే పాత ప్రెస్సులవారి అక్షరములతో వ్రాసిన ఫైళ్లు ఇందులో తెరిచినచో పిచ్చిగీతలుగా కనబడును. క్రొత్తవి యూనికోడులోనే వ్రాసికొనవలెను.

ఇక చెడ్డలలో పెద్దది తెర. దీనిని గురించి కొంచెము విపులముగా వ్రాయుట అవసరము, ఏలయన మేము నష్టపోయినది ఇక్కడనే.

బెంగుళూరు వ్యాపారి ఒకరు మెరూను రంగు చీరలు ఆరు కావలెనని నమూనా ఫొటో పంపినారు. మేము ఆ ఫొటోను ల్యాప్‌టాపు తెరమీద పెట్టి అద్దకము చేయువానిని పిలిచి చూపినాము. అతడు చేతిలో చిలప పట్టుకొని తెరప్రక్కన పెట్టి, చాల శ్రద్ధగానే కలిపినాడు. చీరలు నేసి పంపినాము. వ్యాపారి చూచి, "నేను అడిగినది పండిన రంగు, మీరు పంపినది ఇటుకరాయి రంగు" అని ఆరును త్రిప్పి పంపినారు. తరువాత అదే ఫొటోను మా అబ్బాయి మంచి ఫోనులో చూచినప్పుడు వ్యాపారి మాటయే నిజమని తేలినది. ఆ చీరలు మజూరి గిట్టక తక్కువకు అమ్ముకొన్నాము. నేత కుటుంబములకు మజూరి పూర్తిగానే ఇచ్చినాము గనుక నష్టము సంఘముమీద పడినది.

కారణము ఇది. ఈ ధరలో చాల యంత్రములకు పెట్టు తెర 45 శాతము ఎన్.టి.ఎస్.సి. అని కాగితముమీద వ్రాసియుండును. ఫొటోలకు వాడు మామూలు రంగుల కొలత ఎస్.ఆర్.జి.బి.; ఆ కొలతలో చూచినచో మూడింట రెండువంతులకన్న తక్కువయే ఈ తెర చూపగలదు. ముదురు ఎరుపు, నెమలికంఠము, పచ్చిచిలుకపచ్చ వంటి గాఢమైన రంగులను పేలగా చూపును. లెక్కలు వ్రాయువారికి దీనివలన బాధ లేదు. రంగులతో బ్రతుకు మనకు మాత్రము ఇది మోసమువంటిది. కొనునప్పుడు "100 శాతము ఎస్.ఆర్.జి.బి." అని వ్రాసియున్నదే అడుగుడు, కొన్ని వేలు ఎక్కువగును. ఐ.పి.ఎస్. అను రకమా కాదా అని కూడ అడుగుడు. అది కానిచో ప్రక్కనుండి చూచువారికి రంగు మారును, మన సంఘములలోనేమో ఒక డిజైను చుట్టు ఆరుగురు నిలబడి చూచుట వాడుక. అంత తెర కొన్నను సరే, అద్దకమునకు తెరను నమ్మవద్దు. ఇప్పుడు మేము ఏ ఆర్డరుకైనను జానెడు దారపు నమూనా పోస్టులో తెప్పించుకొనుచున్నాము.

రెండవ బాధ పీచు. కంపెనీవారి కాగితములలో ఈ సంగతి ఎక్కడను లేదు. మా షెడ్డులో పట్టుమగ్గములతోపాటు నూలుమగ్గములు కూడ ఉన్నవి. యంత్రము అడుగుననున్న సందులనుండి లోపలి ఫ్యాను గాలి పీల్చును. తొమ్మిదవ నెలలో అది ఈగ మూగినట్లు మ్రోయుట మొదలుపెట్టినది, పని మందగించినది. వైరసు అన్నారు కొందరు. విప్పి చూడగా ఫ్యానుదగ్గర దూది దళసరిగా మెత్తవలె పేరుకొని ఉన్నది. వేడి ఎక్కినప్పుడు ప్రాసెసరు తనను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనునట. శుభ్రము చేయగానే మరల మామూలైనది. మీరు కొన్నచో కండెలు చుట్టుచోటికి, ఆసు పోయుచోటికి దూరముగా, గట్టి బల్లమీద పెట్టుడు. పరుపుమీద, చాపమీద పెట్టవద్దు. నాలుగు నెలలకొకసారి తెలిసినవానిచేత విప్పించి తుడిపించుడు. ముచ్చటపడి పట్టుగుడ్డ కప్పువారున్నారు. యంత్రము నడుచునప్పుడు మాత్రము కప్పరాదు.

బ్యాటరీ సంగతి. కాగితముమీద పది గంటలు. మాకు మొదట అయిదున్నర, ఇప్పుడు నాలుగున్నర. అయినను కరెంటు పోయినప్పుడు లెక్క చెడకుండ నిలిచినది గనుక పెద్ద యంత్రముకన్న ఇది మేలే. కరెంటు ఖర్చు భయపడనక్కరలేదు. 65 వాట్ల ఛార్జరు పూర్తి బలముతో పదిహేను గంటలు నడిచినచో ఒక యూనిట్టు. ఛార్జింగు 80 శాతముతో ఆగునట్లు పెట్టుకొను ఏర్పాటు చాల యంత్రములలో ఉన్నది, అట్లు పెట్టినచో బ్యాటరీ ఎక్కువకాలము వచ్చును.

ర్యామ్ 8 జీబీ చాలీచాలనిది. తరువాత వేసికొనుటకు ఖాళీ చోటు ఉన్నదా, లేక అంతయు అతికించి యున్నదా అని ముందే తెలిసికొనుడు. 512 జీబీ అన్నచోట యంత్రము 476 అని చూపును. ఒక సభ్యుడు దుకాణమువాడు తూకములో కొట్టినాడని పోట్లాడుటకు బయలుదేరినాడు! అది మోసము కాదు. అమ్మువారు వేయితోను, యంత్రము 1024 తోను లెక్కించుటవలన వచ్చు తేడా.

సగము ధరకు పాతది కొందుమను సంఘములకు ఒక మాట. విండోస్ 10 కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది. విండోస్ 11 అధికారికముగా ఎక్కవలెనన్న టి.పి.ఎమ్. 2.0 ఉండవలెను, ఇంటెల్ అయినచో ఎనిమిదవ తరము లేక ఆ తరువాతి ప్రాసెసరు కావలెను. అంతకన్న పాతదానిమీద సంఘము బ్యాంకు పనులు పెట్టవద్దు.

మా పాత గ్రాఫు కాగితములు నూట నలుబది వరకు చెదలు తినగా మిగిలినవి ఉన్నవి. వాటిని ఫొటోలు తీసి ఎక్కించినాము. వేరొక డిస్కులో నకలు అధ్యక్షులవారి ఇంట ఉంచినాము. కుంభము అంచు గళ్లు తెరమీద పెద్దవి చేసి చూపినప్పుడు, సమావేశములో మమ్ము నిలదీసిన పెద్దలే వచ్చి కూర్చున్నారు. 1804 లో జాకార్డు అట్టలకు రంధ్రములు పొడిచి నడిపిన పద్ధతినే తరువాత లెక్కల యంత్రములు ఎత్తుకొన్నవనియు, 1890 లో అమెరికా జనాభాను అట్టలతోనే లెక్కించిరనియు చెప్పినాము. ఆయన కొంతసేపు చూచి, "అయితే ఇది మన అట్టలపెట్టికి మనవడన్నమాట" అన్నారు. పట్టు డబ్బు సంగతి మాత్రము మరచిపోలేదు. ఆరు చీరల నష్టము ఏ ఖాతాలో వ్రాసినావని వెంటనే అడిగినారు.

ఇప్పుడు పాస్‌వర్డు ఇద్దరివద్ద ఉన్నది: మా వద్ద, నేతగాని కుమార్తె అయిన మా గుమాస్తా అమ్మాయివద్ద. ఓ.టి.పి. సంఘము ఫోనుకే వచ్చుచున్నది. రంగులు సరిగా చూపు 24 అంగుళముల వేరు తెర ఒకటి కొని దీనికి తగిలించవలెనను తీర్మానము వచ్చు సర్వసభ్య సమావేశములో పెట్టుచున్నాము. ఆయన ఒప్పుకొందురో లేదో చూడవలెను.