మేక నెమరు, మన వాంతి

నవీపేట్ మేకల సంతకు ఎప్పుడైనా వెళ్లారా? చెట్టు నీడన పడుకున్న మేకను గమనించండి. ఎదుట మేత లేకపోయినా దాని దవడలు ఆడుతూనే ఉంటాయి. మింగిన ఆకులనే కడుపులోంచి నోటికి తెచ్చుకుని తీరిగ్గా నములుతుంది. మేకకు అది హాయి. మనకు మాత్రం తిన్నది పైకి వస్తే ప్రాణం పోయినంత పని! ఎందుకీ తేడా?

నెమరు వేయడం మేక జీర్ణక్రియలో ఒక భాగం. వాంతి మన శరీరం చేసుకునే ఆత్మరక్షణ. దీనికి ఆజ్ఞ ఇచ్చేది కడుపు కాదు, మెదడు. మెదడు వెన్నుపాముతో కలిసేచోట ఉన్న మెడుల్లాలోని నాడీకణాలే వాంతిని నడిపిస్తాయి.

వాటికి కబుర్లు నాలుగు దారుల్లో అందుతాయి. చెడిపోయిన ఆహారంలోని విషాలు పేగుగోడను తాకగానే అక్కడి కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. వేగస్ నాడి ఆ కబురును మెదడుకు చేరవేస్తుంది. రక్తంలో కలిసిన విషాలను మెడుల్లాలోనే ఉన్న మరో చిన్న భాగం పసిగడుతుంది. మూడవ దారి లోపలి చెవి. నాలుగవది మనసు: దుర్వాసన, భయం, ఒక చేదు జ్ఞాపకం చాలు.

నిజామాబాద్ బస్సులో పోతూ పుస్తకం చదివారనుకోండి. అంతా నిలకడగా ఉందని కళ్లు చెబుతాయి. కాదు, ఊగుతున్నామని లోపలి చెవి చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకనే కడుపులో తిప్పుతుంది. పుస్తకం మూసి, దూరంగా ఉన్న పొలాలను చూడండి. చాలావరకు తగ్గుతుంది.

ఆజ్ఞ అందాక ఏం జరుగుతుంది? నోట్లో నీళ్లూరతాయి. చిన్నపేగు తనలో ఉన్నదాన్ని వెనక్కు, జీర్ణాశయంలోకి నెడుతుంది. వాంతిలో ఒక్కోసారి పచ్చని పైత్యరసం కనబడేది అందుకే. గాలిగొట్టం మూసుకుంటుంది. ఉదరవితానమూ పొట్ట కండరాలూ కలిసి జీర్ణాశయాన్ని పిండుతాయి.

విషంతోపాటు నీరు, లవణాలు కూడా పోతాయి. అసలు ప్రమాదం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. గ్లూకోజ్ తోడుంటే పేగు ఉప్పునూ, నీటినీ బాగా పీల్చుకుంటుంది. ఓఆర్ఎస్ పొట్లంలోని సూత్రం ఇదే. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. గటగటా తాగితే మళ్లీ వాంతవుతుంది. వాంతిలో రక్తం కనబడినా, మూత్రం బాగా తగ్గినా వెంటనే డాక్టరును కలవాలి.

చివరగా ఒక హెచ్చరిక. పురుగుమందో, కిరోసినో, యాసిడో మింగినవారికి ఉప్పునీళ్లు పోసి కక్కించాలని చూస్తారు కొందరు. అది ప్రాణాంతకం. యాసిడ్ పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. స్పృహ తప్పుతున్న మనిషికి గాలిగొట్టం సరిగా మూసుకోదు కూడా. కక్కించవద్దు. 108కు ఫోన్ చేసి, ఆ సీసాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి. ఈ మాట ఇవాళే మీ ఇంట్లో అందరికీ చెప్పండి.