మాటాడు చదరము – వాడుక బేరము

కొట్టునకు ఒకమారు వచ్చినవాడు మరల వచ్చుటయే వర్తకునకు జీవము. ఇందులకై మన అంగళ్లలో పూర్వమునుండి అరువు ఖాతా, కొసరు, పలకరింపు అను మూడు సాధనములు కలవు. అరువు ఖాతా స్థానమును బ్యాంకుల కార్డులును, కొసరు స్థానమును పెద్ద దుకాణముల తగ్గింపు చీటీలును చాలవరకు ఆక్రమించినవి. పలకరింపు మాత్రము ఇంకను చిన్న వర్తకుని చేతిలోనే యున్నది. ఆడియో క్యూఆర్ కోడ్ అను సాధనము ఈ మూడవదానికి ఎంతవరకు తోడ్పడగలదో ఇచట విచారింతును.

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపానుదేశపు డెన్సో వేవ్‌లో మసహిరో హారా బృందము మోటారుకార్ల విడిభాగముల లెక్కకై రూపొందించినది. దాని గడులలో అత్యధికముగా 7,089 అంకెలుగాని, 2,953 బైట్లుగాని ఇముడును. మాట ఆ చదరములోనే దాగియున్నదని పలువురు తలంతురు, అది భ్రమ. ధ్వనిని మిక్కిలి కుదించి సెకనుకు 1,000 బైట్ల చొప్పున నమోదుచేసినను, పై పరిమితిలో మూడు సెకనుల పలుకైనను పట్టదు. చదరమునందుండునది మాట కాదు, మాటయున్న చోటి చిరునామా. ఫోను కెమెరా దానిని చదివినంతనే, అచటి ధ్వని ఇంటర్నెట్ ద్వారా వచ్చి వినబడును.

దాని లాభమును, లోపమును ఈ ఒక్క సంగతినుండియే పుట్టుచున్నవి. చిరునామా మారకుండగనే మాటను మార్చవచ్చును. ఒకమారు అచ్చువేసిన అట్టయే ఉగాదికి ఒకటి, దసరాకు వేరొకటి పలుకును. కాని ఆ చిరునామా అద్దెది యైనచో, అద్దె చెల్లించుట ఆగిననాడు అట్టలన్నియు మూగవోవును. సొంత చిరునామాయే మేలు. అచ్చువేయించునపుడు దోషసవరణ స్థాయిని హెచ్చుగా నుంచినచో, సుమారు 30 శాతము వరకు చెడినను చదరము చదువబడును. నూనెచేతుల కిరాణాకొట్టులో ఇది చిన్న సంగతి కాదు.

ఇదే పేరుగలది మరియొకటి కలదు; రెంటిని కలుపరాదు. 2017లో గూగుల్ సంస్థ తన తేజ్ యాప్‌లో వాడిన ఆడియో క్యూఆర్, చెవికి వినబడని ధ్వనితో ఒక ఫోనును వేరొక ఫోనుకు పరిచయము చేసెడిది. ఇక అంగడి బల్లపై నిలిచి, ఇన్ని రూపాయలు అందినవని చాటు సౌండ్‌బాక్స్‌ను పేటీఎం సంస్థ 2019లో ప్రవేశపెట్టినది. తెలుగున పలుకు పెట్టెలును కలవు. అది అమ్మువానికి ధైర్యమేగాని, కొనువానికి అందులో దక్కునది లేదు.

షోలాపురము సంగతి చూడుడు. తెలంగాణ ప్రాంతమునుండి తరలిపోయిన పద్మశాలి కుటుంబముల నేతకు పేరొందిన ఊరది. అచటి దుప్పట్లును, టెర్రీ తువాళ్లును భౌగోళిక గుర్తింపు పొందినవి. అచటనేగాక బరంపురములోను, హోసూరులోను ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో వేరు లిపి నేర్చిన తరము పెరిగినది. తెలుగుబడి పంతులనై యుండి ఈ మాట వ్రాయుట నాకు కష్టముగనే యున్నది: తెలుగున అచ్చువేసిన కరపత్రము వారికి వట్టి గీతల బొమ్మ. తెలుగు పలుకు చెవినబడినచో మాత్రము వెంటనే తలయెత్తుదురు. మాటాడు చదరము ఉపకరించునది ఇచటనే.

ఇక దానిచే ఏమి పలికింపవలెను? పెక్కురు ప్రకటన పలికింతురు. మా దుకాణమునకు విచ్చేయుడని వినువాడు ఇదివరకే విచ్చేసినవాడు గదా! తువాలు కొన్న ఇల్లాలికి కావలసినది వేరు: "అక్కా, కొత్త తువాలు మొదట్ల నీళ్లు సరిగ పీల్చదు. రెండు మూడు ఉతుకులైతే మంచిగైతది. రంగుది గదా, మొదటిసారి వేరుగ ఉతకుండ్రి. మెత్తగయ్యే మందు పోయకుండ్రి, పోస్తే నీళ్లు పీల్చుడు తగ్గుతది." ఇది ఇరువది సెకనుల మాట. ఇదియే కొసరు. ఆ గొంతు యజమానిదో, గల్లాకడ కూర్చుండు అతని తల్లిదో కావలెను. యంత్రము పుట్టించిన నున్నని గొంతు ఎంత శుద్ధముగా పలికినను పరాయిదే. మరాఠీ మాటలు కలిసిన షోలాపురపు తెలుగే అచటివారి ఇంటి తెలుగు. తరగతిలో నేను దిద్దు పలుకును అంగడిలో దిద్దబోను.

ఫలితమును ఎట్లు కొలువవలెను? ఎన్నిమార్లు వినబడెనను లెక్కను నమ్మరాదు. ఒక్క పిల్లవాడే పదిమార్లు ఆడింపగలడు. మాట చివర "పసుపుకొమ్ము" వంటి గుర్తుపదము నొకదానిని చెప్పి, మరల వచ్చి దానిని పలికినవారికి ఒక చేతిరుమాలు ఇచ్చునది. ఎందరు పలికిరో పద్దుపుస్తకములో గీతలు గీసికొన్న చాలును. పదమును నెలకొకమారు మార్చవలెను. ఈ పద్ధతిలో ఎవరి ఫోను నంబరును అడుగ నక్కరలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కొనువాని సమ్మతికి ప్రాధాన్యమిచ్చుచున్నది. అక్కరలేని వివరములు సేకరించి కాపాడు భారము చిన్న వర్తకుని కెందుకు?

అంగడిలోని చదరముపై మోసగాండ్రు తమ చదరమును అంటించి సొమ్ము కాజేయుట కలదు. కావున చెల్లింపు చదరముప్రక్కన దీనిని ఉంచరాదు. సరుకు అట్టపైననే అచ్చువేయింపవలెను. ఇది వినుటకు మాత్రమే, డబ్బు అడుగదు అని ఆ యూరి బడిలిపిలో, షోలాపురమున మరాఠీలో, బరంపురమున ఒడియాలో, హోసూరున తమిళములో స్పష్టముగా వ్రాయవలెను. తెలుగు వినుటకు త్రోవను పరలిపిలో చూపవలసి వచ్చుట వింతగా తోచవచ్చును. దాని క్రిందనే తెలుగు అక్షరములతో "వినండి" అని వేయించినచో, అట్టపై పట్టు చోటు అంగుళము మించదు.