మునిగినా రద్దు కాని దేశం

చిన్న ద్వీప దేశాల్లో పాలనా సంస్కరణల మీద రాయమని సంపాదకులు చెప్పి, శుక్రవారం గడువు పెట్టారు. మారిషస్, మాల్దీవులు, ఫిజీ... ముందున్నవి చాలానే. టువాలు రాజ్యాంగం తెరిచాక మిగతావన్నీ పక్కన పెట్టేశాను.

పసిఫిక్‌లో తొమ్మిది దీవులు, 26 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 11 వేల జనం. మన దగ్గరైతే ఒక పెద్ద పంచాయతీ. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో వాళ్లు రాసుకున్న మాట సారాంశం ఇదీ: వాతావరణ మార్పు వల్లగానీ, మరే కారణం వల్లగానీ భూభాగం పోయినా టువాలు రాజ్యం శాశ్వతంగా ఉంటుంది. సముద్రం ఎంత ముందుకొచ్చినా దేశపు హద్దులు మారవు.

రాజ్యానికి జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం కావాలని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అందులో రెండోది పోయినా మేముంటామని ఒక దేశం ముందుగానే చట్టం చేసుకుంది. మొదట చదివినప్పుడు ఇది కన్నీటి మాట అనిపించింది. లెక్కలు చూశాక తెలిసింది, ఇది బడ్జెట్ మాట కూడా.

తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు తీరదేశానిదే. టువాలుకు అలా దక్కిన సముద్రం ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. ట్యూనా వేటకొచ్చే విదేశీ నౌకలు అక్కడ వేటాడే రోజుల్ని డబ్బిచ్చి కొనుక్కోవాలి. ఎనిమిది పసిఫిక్ దేశాలు కలిసి నడుపుతున్న పద్ధతి ఇది. ప్రభుత్వ రాబడిలో పెద్ద వాటా ఈ వేట రుసుములదే. తీరం కరిగితే, తీరం నుంచి కొలిచిన ఆ గీత ఏమవుతుంది? జీతాలు, బడులు, ఆసుపత్రి అన్నీ ఆ గీత మీదే ఆధారపడి ఉన్నాయి. హద్దులు మారవన్న మాటకు అంత బరువు అందుకే.

ఒక దేశం తన పుస్తకంలో ఏం రాసుకున్నా పక్కవాళ్లు ఒప్పుకోవాలి కదా అన్న సందేహం నాకూ వచ్చింది. కొందరు ఒప్పుకున్నారు. ఆస్ట్రేలియా 2023 నవంబరులో కుదుర్చుకున్న ఫలెపిలి ఒప్పందంలో టువాలు రాజ్యత్వం కొనసాగుతుందని అంగీకరించింది. ఒకసారి ఏర్పడ్డ రాజ్యం, తన మూలాంశాల్లో ఒకటి పోయినంత మాత్రాన రాజ్యత్వం కోల్పోవాల్సిన పని లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులైలో సలహా అభిప్రాయం చెప్పింది.

చరిత్ర క్లుప్తంగా: బ్రిటిష్ వాళ్ల గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల కాలనీలో భాగం, 1974లో ప్రజాభిప్రాయ సేకరణ, తర్వాత విడిపోవడం, 1978లో స్వాతంత్ర్యం.

నాకు మాత్రం రాజ్యాంగంలోని ఆ మాట కంటే పాతవైన రెండు ఏర్పాట్ల మీద నమ్మకం ఎక్కువ. మొదటిది 1987 నాటి టువాలు ట్రస్ట్ ఫండ్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌లు డబ్బు వేశాయి. ధరల పెరుగుదలను బట్టి అసలు విలువ నిలిచాక, పైన మిగిలిందే ప్రభుత్వానికి అందుతుంది. ఏ మంత్రికీ అసలు మీద చెయ్యి వేసే వీలు లేదు. రెండోది 1997 నాటి ఫలెకౌపులె చట్టం. దీవి పెద్దలు కూర్చునే సంప్రదాయ సభకు చట్టబద్ధమైన అధికారం ఇచ్చి, దాని కింద పనులు చూసేందుకు ఎన్నికైన చిన్న మండలిని పెట్టింది. పాత సభను తుడిచేసి కొత్త ఆఫీసు కట్టలేదు. సంస్కరణ అంటే కూల్చివేత అనుకునేవాళ్లు చూడాల్సిన చట్టం ఇది.

ఫలెపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది ఆస్ట్రేలియాలో స్థిరపడొచ్చు. 2025లో తొలి లాటరీకి కుటుంబాలతో సహా పేర్లిచ్చినవాళ్లు జనాభాలో సగానికి మించారు. వాళ్లను తప్పుపట్టలేం, ఏ ఉప్పెన వచ్చినా పిల్లల్ని ఎక్కించడానికి కొండ లేని దేశం అది. కానీ గుమాస్తా, నర్సు, టీచరు వెళ్లిపోతే దీవి సభ తీర్మానాల్ని అమలు చేసేదెవరు? హద్దుల్ని కాపాడిన రాజ్యాంగం ఉద్యోగుల్ని నిలపలేదు. టువాలు పాలకులు ఇప్పుడు తలబద్దలు కొట్టుకోవాల్సింది దీని మీదేనని నా అభిప్రాయం.

*మరికొన్ని సంగతులు*

పార్లమెంటులో 16 సీట్లు. పార్టీలు లేవు, గెలిచిన సభ్యులే ప్రధానిని ఎన్నుకుంటారు.

ఇంటర్నెట్ చిరునామాల చివర కనిపించే డాట్ టీవీ ఈ దేశానిదే. దాని అద్దె ఖజానాకు చేరుతుంది.

దేశంలో తొలి ఏటీఎంలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి.