గ్లాసులో లిట్మస్ పరీక్ష: రంగు మారే జిన్ కాక్‌టెయిల్

నీలంగా ఉన్న జిన్‌లో నిమ్మరసం పడగానే ఊదా రంగుకి, ఆపైన గులాబీ రంగుకి మారే కాక్‌టెయిల్‌ని మీలో చాలామంది ఏదో ఒక బార్‌లో చూసే ఉంటారు. కెనడాలో పుట్టిన ఎంప్రెస్ 1908 అనే జిన్ 2017లో మార్కెట్లోకి వచ్చాక ఈ సరదా ఉత్తర అమెరికాలో బాగా పాకింది. ఇందులో రహస్య రసాయనమేమీ లేదు. మన పెరట్లో కంచె మీద పాకే శంఖుపూల తీగే దీనికి మూలం!

థాయ్‌లాండ్‌లో ఈ పూల కషాయంలో నిమ్మరసం, తేనె కలిపి చల్లగా తాగుతారు. మలేసియాలో నాసి కెరాబు అనే వంటకంలో అన్నానికి దీనితోనే నీలం రంగు తెస్తారు. మనం మాత్రం పూజకి కోసుకుని ఊరుకున్నాం. అమెరికాలో ఎఫ్.డి.ఎ. ఈ పూల సారాన్ని 2021లో ఆహారపు రంగుగా అనుమతించింది.

రంగు ఎందుకు మారుతుంది?

ఈ పూలలో ఆంథోసయనిన్ల కుటుంబానికి చెందిన టెర్నాటిన్లు అనే వర్ణద్రవ్యాలున్నాయి. చుట్టూ ఉన్న ఆమ్లాన్ని బట్టి ఆ అణువు నిర్మాణం కొద్దిగా మారుతుంది. దానితో అది పీల్చుకునే కాంతి, మన కంటికి కనపడే రంగు కూడా మారిపోతాయి. మన భాషలో చెప్పాలంటే ఇదొక ఫంక్షన్: ఇన్‌పుట్ పీహెచ్, అవుట్‌పుట్ రంగు. పీహెచ్ 7 దగ్గర నీలం, 3-4 మధ్య ఊదా, ఇంకా తగ్గితే గులాబీ. 8 దాటితే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

పీహెచ్ లాగరిథమ్ స్కేలు కదా, ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. నిమ్మరసం పీహెచ్ సుమారు 2 నుంచి 2.5. అందుకే ఒకటి రెండు చెంచాలతోనే రంగు తిరిగిపోతుంది.

తయారీ

ఎండిన శంఖుపూలు థాయ్ లేదా ఏషియన్ దుకాణాల్లో బటర్‌ఫ్లై పీ అన్న పేరుతో దొరుకుతాయి. రేకులు మాత్రమే వాడాలి. గింజలు, వేళ్ళు విరేచనకారులు.

1. 200 మి.లీ. మామూలు జిన్‌లో పది ఎండు పూలు వేసి గంటసేపు ఉంచి వడకట్టండి. సిరా రంగు వస్తుంది.
2. పంచదార, నీళ్ళు సమానంగా తీసుకుని, కరిగేదాకా వేడిచేసి చల్లార్చండి.
3. పొడుగు గ్లాసులో 15 మి.లీ. పాకం, 20 మి.లీ. నిమ్మరసం కలిపి, నిండా ఐసు వేసి, 90 మి.లీ. సోడా మెల్లగా పోయండి.
4. చెంచాని బోర్లించి, దాని వీపు మీదుగా 45 మి.లీ. నీలి జిన్ నెమ్మదిగా జారవిడవండి.

జిన్ నీటికన్నా తేలిక, పాకం బరువు. కాబట్టి పైన నీలం, అడుగున గులాబీ, రెండూ కలిసేచోట ఊదా కనిపిస్తాయి. కలియబెడితే మొత్తం ఒకే రంగు.

డీబగ్గింగ్

నిమ్మరసం పోయకముందే రంగు మారిందా? సోడాకి బదులు టానిక్ వాటర్ పోసి ఉంటారు. అందులో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. పూల కషాయం ఆకుపచ్చగా ఉందా? కుళాయి నీళ్ళలో క్షారగుణం ఎక్కువైందన్నమాట. గడ్డివాసన వస్తోందా? పూలు మరీ ఎక్కువసేపు నానాయి.

రంగు చెప్పనిది

ఇదే పూలని జిన్‌కి బదులు వేడినీళ్ళలో అయిదు నిమిషాలు నానబెట్టి చల్లార్చితే పిల్లలకి అచ్చం ఇలాంటి నిమ్మ షర్బతే తయారవుతుంది. చిక్కంతా ఆ 'అచ్చం'లోనే ఉంది. ఈ రంగు ఆమ్లం సంగతి చెబుతుంది కాని, ఆల్కహాలు సంగతి చెప్పదు. మన పాట్‌లక్‌లలో పిల్లలూ, మందు ముట్టని పెద్దలూ ఉంటారు కనుక, రెండిటినీ వేరువేరు బల్లల మీద, వేరువేరు ఆకారం గ్లాసుల్లో పెట్టండి. గర్భిణులు పూల కషాయం తాగాలన్నా ముందు డాక్టరుని అడగడం మంచిది.

మరొక మాట. పులుపు, తీపి కలిసి జిన్ ఘాటుని దాచేస్తాయి. 40 శాతం జిన్ 45 మి.లీ. అంటే సుమారు 14 గ్రాముల ఆల్కహాలు, అమెరికా లెక్కలో ఒక పూర్తి డ్రింకు. సరదాగా రంగులు చూస్తూ మూడు తాగినా తెలియదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో డ్రైవింగుకి రక్తంలో పరిమితి 0.08 శాతం, యూటాలో 0.05. వీసా మీద ఉన్నవారికి ఇంకో చిక్కుంది. తాగి నడిపారని అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకముందే విదేశాంగశాఖ వీసా రద్దు చేయవచ్చు. 2015 నుంచి వారి విధానం ఇది.

కాబట్టి జిన్ కొలవడానికి జిగ్గర్ వాడండి, ఎవరికి ఎన్ని పోశారో లెక్క పెట్టండి. వెళ్ళేటప్పుడు కారు ఎవరు నడుపుతారో మొదటి గ్లాసు పోయకముందే అడగండి.